లింగకాయలో వక్క

నడుము కింద సంగప్ప లేడు. నడుము పైనున్న సంగప్ప మాత్రం ఆపరేషన్ గదిలోంచి తోసుకొచ్చిన మంచం మీద వెల్లకిలా పడుకుని, పైకప్పుకు పెచ్చు లేచిన చోటును చూస్తూ, కుడిచెయ్యి ఎత్తి ఛాతీ తడుముకున్నాడు. లేదు. లేదని తెలుసు, పొద్దున తీయించింది కదా ఆ నర్సు పిల్ల, అయినా చెయ్యి ఊరుకోదు, తాళం వేసి నాలుగడుగులు పోయి మళ్లీ వెనక్కొచ్చి తాళం లాగి చూసే మనిషి చెయ్యి అది. నడుములో మత్తుసూది వేసి హెర్నియా కోసి కుట్టారు. "అయిపోయింది పెద్దాయనా, ఫస్ట్ క్లాస్" అని డాక్టరు భుజం తట్టి పోయాడు. బతికాడు, సంతోషమే. కానీ సంతోషించే తీరిక ఏదీ, తలుపు అవతల బెంచీ మీద పెళ్లాం శరణమ్మ ఉంది, శరణమ్మ దగ్గర అతని వెండి లింగకాయ ఉంది, ఆ కాయ మూత ఇప్పటికే తెరిచిందో, ఇంకా తెరవలేదో, ఇదిగో ఇప్పుడే తెరుస్తోందో. ఈ తలుపుకు చెక్క బదులు అద్దం పెడితే దవాఖాన వాళ్ల సొమ్మేం పోయిందట.

లింగం కట్టుకునే ఇంట్లో పుట్టినవాడికి పసితనంలోనే మెడలో శివదారం పడుతుంది, దానికి వెండికాయ, కాయలో గుడ్డ చుట్టిన లింగం. ఇక అది దిగేది లేదు. నిద్రలో ఉంటుంది, నీళ్లు పోసుకునేటప్పుడు ఉంటుంది, పోయాక అరచేతిలో పెట్టి దానితోనే కూర్చోబెట్టి పూడుస్తారు. ఒకరి లింగం ఇంకొకరు ముట్టరు, కట్టుకున్న పెళ్లాం కూడా ముట్టదు. ఇదంతా పొద్దున నర్సు గ్లోరీకి చెప్పబోయాడు. గ్లోరీ నవ్వు ముఖం పిల్లే గాని ఆ నవ్వుతోనే ఎదుటివాడి మాటను కత్తిరిస్తుంది.

"వెండి తియ్యాలె తాతా. లోపల కరంటు మిషన్ పెడ్తరు, ఒళ్లు కాల్తది."

"తియ్యరాదు బిడ్డా. మా దాంట్ల సచ్చినా తియ్యరు."

"సచ్చినంక తియ్యకున్రి. బతకాల్నంటె ఇప్పుడు తియ్యాలె."

కనీసం దిండు కింద పెట్టమన్నాడు. పోతే నా మెడకు చుట్టుకుంటుందని ఆమె తలుపు సందులోంచి శరణమ్మకు అందించింది. శరణమ్మ కొంగు పట్టి అందుకుని, కళ్లకద్దుకుని, తన మెడలోనే వేసుకుంది. అక్కడ అప్పటికే ఆమె లింగకాయ ఉంది, మోకాళ్ల నొప్పులకు ఎన్నడో కట్టించుకున్న గుడ్డ తాయెత్తు ఉంది, వాటి పక్కన ఇదీ చేరింది. ఆమె కళ్లకద్దుకున్న తీరు చూశాకే సంగప్పకు చెమట పట్టింది. డాక్టరేమో కత్తికి భయపడ్డాడనుకున్నాడు. కత్తికి భయమా, తుపాకీ గొట్టం ముందు నవ్వుతూ పాన్ చుట్టి ఇచ్చినవాడికి కత్తి ఒక లెక్కా.

భయం ఎక్కడంటే, ముట్టరాదన్న నియమానికి ఒక్క సందు ఉంది. కట్టుకున్నవాడు మంచాన పడి పూజ చేసుకోలేకపోతే ఇంట్లోవాళ్లు అతని బదులు చెయ్యొచ్చు. కాయ తెరిచి, లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని, నీళ్లు చిలకరించి, విబూది పెట్టి. శరణమ్మ కాపురానికొచ్చిన నాటి నుంచి అతని పూజ కాకుండా ముద్ద ముట్టలేదు. జ్వరమొచ్చినా, కడుపుతో ఉన్నా, అల్లం తవ్వకానికి కూలోళ్లతో పాటు తెల్లారే చేనుకు పోవలసి వచ్చినా, ఈయన గారి కళ్లు మూతపడి తెరుచుకునేదాకా గడపలో నిలబడేది. ఇప్పుడామెకు షుగరు. గోళి వేసుకోవాలి, వేసుకుంటే తినాలి, తినాలంటే అతని పూజ కావాలి. రాత్రి తిన్న తిండి, ఇప్పటికే పొద్దెక్కింది. తినకపోతే ఆ బెంచీ మీదే కళ్లు తిరిగి పడుతుంది. తినాలంటే కాయ తెరవాలి. తెరిస్తే అందులో లింగం లేదు. వక్క ఉంది.

వక్క. తాంబూలంలో వేసుకునే వక్క, కొరికితే పళ్లు కదిలిపోయే పాత ఎండు వక్క. దాన్ని మెడలో కట్టుకుని సంగప్ప మొగుడంపల్లిలో అల్లం పండించాడు, కొడుకు మంజునాథ్‌ను చదివించి ట్రాక్టర్ల కంపెనీలో చేర్పించాడు, పెళ్లిళ్లలో పెద్దరికం చేశాడు, జంగమయ్యల కాళ్లకు మొక్కాడు. నవ్వొస్తుంది తలుచుకుంటే. నవ్వితే కుట్లు లాగుతాయేమో, ఏమో, ఆ భాగమే లేదు కదా ఇప్పుడు, లాగినా తెలియదు. బయట హైవే మీద ఏదో పెద్ద బండి మలుపు తిరిగింది, కిటికీ రెక్కలు గడగడలాడాయి, కొత్త ట్రాక్టర్లు ఎక్కించుకుని బొంబాయి దిక్కు పోయే పొడుగు లారీ అయ్యుంటుంది. ఢాకాలో కూడా ఇట్లాగే అదిరేవి, కంటోన్మెంటు గేటు ముందు రహిమా ఖాలా, ఊరందరి పిన్ని, ఆమె పాన్ డబ్బా కొట్టు రేకులు, మిలటరీ లారీలు పోతున్నప్పుడు. లారీకి టార్పాలిన్ కప్పి ఉన్నా సరే, చక్రాలు కుంగిన తీరు చూసి లోపల ఏముందో చెప్పాలి. మనుషులైతే ఒక కుంగు, మందుగుండైతే ఇంకో కుంగు. ఆమె దగ్గర పనివాడిగా కుదిరి, పాన్ చుడుతూ, సున్నం రాస్తూ, తల ఎత్తకుండా చూసేవాడు. చూసింది చూసినట్టు జర్దా పొట్లం కొనడానికొచ్చే ఒక రిక్షావాడి చెవిలో వేసేవాడు. అదే అతని ఉద్యోగం. ఇంట్లోవాళ్లకు చెప్పింది మాత్రం మిలటరీ సామాన్ల డిపోలో గుమస్తా అని.

డెబ్బై ఒకటి. ఆ దేశం ఇంకా బంగ్లాదేశ్ కాలేదు, పాకిస్తాన్ పటాలాలు వీధివీధినా దిగి ఉన్నాయి. మన సైన్యం సిగ్నల్స్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లను వరసగా నిలబెట్టి ఉర్దూ ఎవరికి వచ్చని అడిగాడు ఆఫీసరు. "మా జహీరాబాద్‌లో ఎద్దులకు కూడా వస్తుంది సార్" అన్నాడు సంగప్ప. ఆ నోటి దురదే ఢాకా దాకా తీసుకుపోయింది. మన దక్కనీ ఉర్దూ 'నక్కో'లూ 'హౌ'లూ నాలుక మీంచి గీకించి, బీహారు నుంచి వలసొచ్చిన సలీం అని పేరు పెట్టించి, నమాజు నేర్పించి, ముట్టనిది తినడం నేర్పించి, ఇక సరిహద్దు దాటించే ముందు అగర్తలాలో ఆ ఆఫీసరే అడిగాడు, ఒంటి మీద పాత జన్మ తాలూకు ఏదైనా మిగిలిందా అని. సంగప్ప వెండికాయ తీసి బల్ల మీద పెట్టాడు. కాయే పెట్టాడు. లోపలిది పెట్టలేకపోయాడు. "లింగం ఒంటి మీంచి దిగిందంటె కొడుకు సచ్చినట్టే నాకు" అని అవ్వ అంటుండేది, కన్నతల్లి మాట, ఆఫీసరు మాట కంటే ముందు విన్నమాట. ఆ మొదటి అబద్ధం ఆఫీసరుతో.

లింగాన్ని దాచడానికి చోటు పాన్ డబ్బాలోనే దొరికింది. లింగం మీద నల్లటి పూత ఉంటుంది, కింద చదునుగా, పైన గుండ్రంగా, బొటనవేలి కణుపంత. రహిమా వక్కల డబ్బాలో అడుగున నల్లబడిన పాత వక్కలూ సరిగ్గా అట్లాగే ఉండేవి. చీకటితో లేచి, కొట్టు రేకు తెరవకముందే, ఎడమ అరచేతిలో పెట్టుకుని రెండు నిమిషాలు చూసి మళ్లీ వక్కల్లో కలిపేసేవాడు. రహిమా చూసింది. అవ్వ వయసు మనిషి, మొగుడు పోయినది, కొడుకు అడవుల్లోకి పోయి పోరాటంలో కలిసినది. ఆ రోజు నుంచి అడుగు వక్కలు కొట్టడం మానేసింది, అంతే. ఈ ఆడవాళ్లకు ఏది ఎప్పుడు తెలుస్తుందో శివుడికే తెలియాలి.

తర్వాత సోదా. ఎక్కడో వంతెన పేలిందట, పటాలం దుకాణాల మీద పడింది. పొడుగు హవల్దారు ఒకడు వక్కల డబ్బా తట్ట మీద బోర్లించి, వేళ్లతో కెలికి, అన్నిటిలోంచీ దాన్నే ఎత్తాడు. దాన్నే. వెలుతురుకు పట్టి చూశాడు. సంగప్పకు ఆ క్షణంలో కూడా నడుము కింద ఏమీ లేదు, ఇప్పటిలాగే, సూది మందు లేకుండానే. రహిమా చెయ్యి చాపి వాడి వేళ్ల మధ్య నుంచి దాన్ని తీసుకుంది. "పుచ్చిన దాన్ని పట్టుకున్నావేం సాబ్, అది నాలాంటి ముసలిదానికి, నీకు మంచిది చుడతాను" అంటూ టక్కున తన బుగ్గలో పెట్టేసుకుంది. బుగ్గలో పెట్టుకుని, నములుతున్నట్టు దవడ ఆడిస్తూ, వాడికి యాలకులు వేసి పాన్ చుట్టింది. వాడు నమిలాడు, మెచ్చుకున్నాడు, పోయాడు. ఆమె దాన్ని నోట్లోంచి తీసి కొంగుతో తుడిచి డబ్బాలో వేసి, "పో బాబూ, ఇవాళే పో" అంది. మడి, మైల అంటారు. ఆ బుగ్గ కంటే మడిగల గుడి సంగప్ప తన బతుకులో చూడలేదు.

ఆ సాయంత్రమే కబురొచ్చింది, పడవ ఉందని. ఊరంతా దీపాలు ఆర్పించారు, అగ్గిపుల్ల గీసినా కాల్చేస్తారు. సంగప్ప చీకట్లో వక్కల డబ్బాలో చెయ్యి పెట్టాడు. నా లింగం నా వేలికి తెలియదా అనుకున్నాడు, ఆ పొగరు చూడు. బొటనవేలితో తడిమి, చదును చూసి, గుండ్రం చూసి, ఇదే అని మొలలో దోపుకుని పరుగెత్తాడు. తెల్లవారాక బూరిగంగ ఏటి మీద పడవలో అరచేయి తెరిస్తే వక్క. లింగధారి చేసే తప్పు కాదు, పాన్ డబ్బావాడు చేసే తప్పూ కాదు, రెండూ ఒకడే అయినవాడు మాత్రమే చేయగల తప్పు. పడవలోనే ఏడ్చాడు. వెనక్కి పోలేడు. యుద్ధం ముగిశాక ఆ దారిన పోయివచ్చిన మనవాళ్లను అడిగితే డబ్బా ఉందన్నారు, ముసలామె ఉందన్నారు, కొడుకూ తిరిగొచ్చాడన్నారు. అంతవరకు హాయి. కానీ అడగలేనిది ఇంకొకటి ఉండిపోయింది. ఏ అడకత్తెర కింద పడిందో తన లింగం, ఏ అడకత్తెర అంచు విరిగిందో.

కాలిబొటనవేలు. కదిలిందా. లేదు, కదిలిందనుకున్నాడు. తలుపు అవతల స్టీలు టిఫిన్ డబ్బా మూత చప్పుడు, కుళాయి నీళ్ల చప్పుడు. ఎవరి డబ్బానో.

సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు అవ్వ వాకిట్లోకి పరుగెత్తుకొచ్చి ముందు ముఖం చూడలేదు, ఛాతీ తడిమింది. వెండికాయ తగిలింది. "ఉన్నడు నా కొడుకు" అని అప్పుడు ముఖం చూసింది. ఆఫీసరు తిరిగిచ్చిన ఆ కాయలోకి వక్కను రైల్లోనే చేర్చాడు, దీపం మసి, నెయ్యి కలిపి నల్లగా పూసి. పొద్దున్నే చెబుదామనుకున్నాడు. అవ్వ ముఖం చూశాక ఇంకో పొద్దున అనుకున్నాడు. ఆఫీసరు సంతకం పెట్టించుకున్న మాట ఒకటి ఉండనే ఉంది, కన్నవాళ్లకూ కట్టుకున్నదానికీ చెప్పరాదని. కొత్త లింగం కావాలంటే జంగమయ్యను అడగాలి, అడిగితే పాతది ఏమైందంటాడు, పాతది ఢాకాలో ఒక ముసలామె బుగ్గలో ఉండింది స్వామీ అని చెప్పాలా. అవ్వ పోయింది, ఏమీ తెలియకుండా, తృప్తిగా. శరణమ్మ వచ్చింది. శత్రువుల నడుమ ఉన్నది కొన్ని నెలలే, సొంత ఇంట్లో మారువేషం మాత్రం జీవితమంతా. అక్కడ పట్టుబడితే చంపేస్తారు, ఇక్కడ పట్టుబడితే ఏడుస్తారు. ఏడుపే ఎక్కువ భయపెట్టింది అతన్ని.

ఒక్కసారి మాత్రం గండం అనుకున్నాడు, మంజునాథ్ పదో తరగతిలో ఉన్నప్పుడు తనకు టైఫాయిడ్ వచ్చి ఒళ్లెరుగక పడి ఉన్న రోజుల్లో. కలలన్నీ ఢాకావే. ఎవరో చెవిలో ఏదో గొణిగారు, అరచేతిలో చల్లగా ఏదో పెట్టారు, ఆఫీసరు రహస్యం అప్పజెబుతున్నాడనుకుని సరే సరే అన్నాడు. లేచాక తడుముకుంటే కాయ మెడలోనే ఉంది. అప్పటినుంచి వక్క అరచేతిలో కాస్త బరువుగా తోచేది, నీరసపడినవాడికి పూలదండ కూడా బరువే కదా. పూత కూడా అంతకుముందు ఆర్నెల్లకోసారి ఆ పైకప్పులాగా పెచ్చులు లేచేది, జ్వరం తర్వాత లేవడం మానేసింది. చెయ్యి తిరిగింది, పూత పట్టు చిక్కింది అని మురిసిపోయాడు సంగప్ప.

పూజంటే మరి నటన కాదు. అదీ చిక్కు. వక్కను చూస్తూనే నిజంగా కళ్లు మూసుకునేవాడు, నిజంగా లోపల ఏదో కుదుటపడేది. తన సంగతి శివుడితో తేల్చుకుంటాడు. ఆమె ఆకలి సంగతి ఎవరితో తేల్చుకోవాలి. గడపలో నిలబడి అన్నేళ్లు ఆకలిని ఆపుకున్నది ఒక వక్క కోసం. ఇది తెలిస్తే ఆమె తిట్టదు, తిడితే బాగుండును, ఊరికే కూర్చుండిపోతుంది. ఆ కూర్చోవడం చూడకుండా పోవాలని కోరుకున్నాడు, కానీ పోయినా లాభం లేదు, పూడ్చే ముందు కాయ తెరిచి అరచేతిలో పెట్టేది అందరి ముందూ కదా.

"లేసిన్రా తాతా?" గ్లోరీ వచ్చి సెలైన్ సీసా చూసింది. "లోపల మత్తుల ఏందో వేరే భాషల మస్తు మాట్లాడిన్రు. పాన్ అన్నరు, సాబ్ అన్నరు. డాక్టర్ సాబ్ నవ్విండు."

"ఇంకేమన్న?"

"ఏమో, సమజ్ కాలే. కాళ్లు కదుల్తున్నయా?"

కదిలింది. ఎడమ బొటనవేలు, అవతలి ఒడ్డు నుంచి ఎవరో చెయ్యి ఊపినంత దూరంలో. గ్లోరీ తలుపు తీసి, "పోండ్రి అమ్మమ్మా, తలకాయ లేపనియ్యకున్రి, ఇప్పుడే ఏం తినవెట్టకున్రి" అంది. శరణమ్మ లోపలికి వచ్చింది. మెడలో రెండు శివదారాలు. సంగప్ప ఆమె ముఖం చదవబోయాడు, ముఖాలు చదవడం ప్రభుత్వం ఖర్చుతో నేర్చుకున్నవాడు, ఏమీ దొరకలేదు. పెదవి మీద ఇడ్లీ తునక మాత్రం దొరికింది.

"తిన్నవా?" అన్నాడు.

"తిన్న. గోళి ఏసుకున్న."

"మరి పూజ?"

"చేసినంకనే తిన్న. నల్లా కింద కాళ్లు చేతులు కడుక్కున్న, కాయ తీసిన, నీళ్లు చల్లి ఇబూది పెట్టిన."

"చూసినవా?"

"చూడకుంట ఎట్ల చేస్త?"

ఇక దాచేదేముంది. యాభై ఏళ్లు గొంతులో అడ్డంపడి ఉన్న మాట చిన్నపిల్లాడి గొంతుతో వచ్చింది. "అది లింగం కాదే."

శరణమ్మ అతని శివదారం తన మెడలోంచి తీసి, దిండు మీంచి తల కదలకుండా జాగ్రత్తగా అతని మెడలో వేసింది. "ఎందుకు కాదు? ఝరాసంగం జంగమయ్య సదాశివయ్య చేతుల మీంచి వచ్చింది, కాకుంట ఎట్లుంటది?"

అర్థం కాలేదు అతనికి. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, చేనులో ఎవరికో చెప్పినంత మామూలుగా చెప్పింది. "టైఫాడు జొరమొచ్చి నువ్వు పడ్డవు సూడు, అప్పుడు నీ పూజ ఆగొద్దని కాయ తీసిన. వక్క. పురుగు తొలిచి పిండి రాల్తున్నది. నా పానం జల్లుమన్నది. సదాశివయ్యకు కబురంపిన, మా ఆయన లింగం బాయిల పడ్డదని అబద్ధమాడిన. ఆయన కొత్తది తెచ్చి నీ చేతుల పెట్టి, చెవుల మంత్రం చెప్పి పోయిండు. నువ్వు కండ్లు మూసుకొని జీ సాబ్, జీ సాబ్ అన్నవు."

చెవిలో గొణుగుడు. అరచేతిలో చల్లదనం. బరువు. పెచ్చులు లేవని పూత. లారీ చక్రం కుంగిన తీరు చూసి లోపలి సరుకు చెప్పిన మొనగాడు, సొంత అరచేతిలో ప్రతి పొద్దునా వక్కకూ లింగానికీ తేడా తెలుసుకోలేదు. ఎందుకు తెలుసుకుంటాడు, ఒకరిది ఒకరు ముట్టరన్న నమ్మకం మీద కాపలా ఎత్తేశాడు కదా. ఆ జ్వరం నాటి నుంచి ఇన్నేళ్లూ తాను లింగం కట్టుకున్న మామూలు మనిషే. ఆమె ఆకలి అంతా వక్క పాలు కాలేదు. ఆ తలపు గుండెల్లోంచి దిగి నడుము దాకా వచ్చింది, నడుము దాటి తొడల్లోకి కూడా దిగింది, లేక మత్తే వదులుతోందో, ఏదైతేనేం, ఒళ్లంతా తనకు తిరిగి అప్పజెప్పినట్టుంది.

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు చెప్పినవా?"

లేదు. "ఆ వక్కను పారేసినవా?" అని అడిగాడు, భయంగానే. శరణమ్మ తన మెడలోని గుడ్డ తాయెత్తు ముడి విప్పింది. మోకాళ్ల నొప్పుల తాయెత్తు. రోజూ చూస్తున్నదే. అందులోంచి తొలిచిపోయి సగమైన నల్లటి వక్క తీసి అతని అరచేతిలో పెట్టింది. ఎంత తేలికో.

"నువ్వు ఎందుకు మోసినవో నాకెరుక లేదు. ఊరికెనైతె మొయ్యవు గద. పారెయ్యబుద్ధి కాలే, నేను గూడ మోసిన."

సంగప్పకు కళ్లనిండా నీళ్లు వచ్చాయి, వెంటనే నవ్వూ వచ్చింది, ఈసారి కుట్లు నిజంగానే లాగాయి, ఆ నొప్పి కూడా హాయిగానే ఉంది. శరణమ్మ కొంగుతో అతని ముఖం తుడిచి, వక్క వైపు చూస్తూ అడిగింది. "ఎవరిదిది?"

పాత అలవాటు, అతని కళ్లు ముందు తలుపు వైపు పోయాయి, తర్వాత కిటికీ వైపు. ఎవరూ లేరు. సంతకం పెట్టించుకున్న ఆఫీసరు పోయి చాలా ఏళ్లయింది. హైవే మీద చెరకు లారీ ఒకటి మూలుగుతూ పోతోంది.

"పెద్ద కత అది" అన్నాడు.

శరణమ్మ స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. "నర్సు తినొద్దన్నది. మాట్లాడొద్దనలే. చెప్పు."